గులాబి రంగు మందు

పెబ్బేరు సంత నుంచి నల్ల కుందేలును తెచ్చిన కొద్ది రోజులకే ఇంట్లో ఉన్న తెల్ల కుందేలుకు తుమ్ములు పట్టుకున్నాయి.

తెల్లదాని పేరు పట్టు. గద్వాలలో చీరలు నేసే ఇంట్లో పెరిగింది కాబట్టి గిరిధర్ కూతురు భవ్యశ్రీ దానికి ఆ పేరు పెట్టుకుంది. నల్లదాన్ని చూడగానే బొగ్గు అంది. రెండూ ఆడవే. పట్టు ఒంటరిగా దిగులు పడుతోందని ఆ ఆరో తరగతి పిల్ల నెలల తరబడి పోరు పెడితే గిరిధర్ చివరికి ఇంకోదాన్ని కొనుక్కొచ్చాడు. మొదట్లో రెండూ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. తర్వాత ఒకే బోనులో ఒకదాని మీద ఒకటి తల ఆనించుకుని పడుకోసాగాయి.

బోను మగ్గం గదిలోనే, కిటికీ కింద ఉండేది. గిరిధర్, అతని భార్య జయశ్రీ మగ్గం దగ్గర ఉంటే, గోడ వారన అతని తల్లి బాలమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. అందుకని కుందేళ్లను పగలంతా చూసేది ఆమే. పట్టు ముందుకాళ్లతో పదే పదే ముక్కు తుడుచుకుంటోందని ఆమే కనిపెట్టింది. ఎత్తి చూస్తే ముక్కు కింద తెల్లగా చీములాంటిది అంటుకుని ఉంది. ముందుకాళ్ల లోపలివైపు బొచ్చు తడిసి, ఎండి, అట్టకట్టింది. ఊపిరి తీస్తుంటే లోపలెక్కడో గరగరమంటోంది.

గిరిధర్ దాన్ని పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఉన్నమాట చెప్పాడు. తను చూసేవి బర్లు, ఎద్దులు, గొర్రెలని, కుందేలుకు తెలియకుండా మందు ఇవ్వడం ప్రమాదమని, వనపర్తిలో మానస అనే డాక్టరమ్మ పెంపుడు జంతువుల క్లినిక్ పెట్టిందని, ఆమెకు చూపించమని నంబరు ఇచ్చాడు. ఫోన్ చేస్తే ఆమె ఊళ్లో లేదు. రెండు రోజులాగి తీసుకురమ్మంది. అంతవరకు ముక్కు తుడుస్తూ ఉండమని, తిండి మానకుండా చూడమని చెప్పింది.

ఆ రెండు రోజులు భవ్యశ్రీ సరిగా అన్నం తినలేదు. బడి నుంచి వచ్చి బోను ముందు కూలబడేది. పట్టు తుమ్మినప్పుడల్లా కళ్లనిండా నీళ్లు పెట్టుకునేది. బాలమ్మకు ఆ ఏడుపు చూడబుద్ధి కాలేదు. పోయిన నెలలో ఆ పిల్లకే జలుబు చేసి, ఛాతీలో కఫం పేరుకుని, ఇలాగే గరగరమంటే పిల్లల డాక్టరు గులాబి రంగు మందు రాశాడు. దాంతో తగ్గింది. సీసాలో ఇంకా కొంత మిగిలి ఉంది. చిన్న పిల్లకు పనిచేసిన మందు చిన్న ప్రాణికి పనిచేయదా అనుకుంది. పిల్ల బడికి పోయాక, కొడుకు కోడలు మగ్గం మీద ఉండగా, పట్టును ఒళ్లో పెట్టుకుని చుక్కలు పోసే గొట్టంతో కొంచెం మందు నోట్లో వేసింది. తియ్యగా ఉండటం వల్ల కుందేలు నాలుకతో నాక్కుని మరీ తాగింది. మర్నాడు కూడా పోసింది. ఆ సాయంత్రం తుమ్ములు తగ్గినట్టే అనిపించింది. పట్టు రెండు గరిక పోచలు కొరికింది. బాలమ్మ ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. తగ్గాక చెబితే పిల్ల సంతోషపడుతుందని.

వనపర్తికి బస్సులో పోయారు. గిరిధర్ ఒళ్లో వెదురుబుట్ట, అందులో పట్టు. పక్కన భవ్యశ్రీ. జయశ్రీ వద్దన్నా వినకుండా బాలమ్మ కూడా బయల్దేరింది.

డాక్టర్ మానసకు ముప్పై ఏళ్లుంటాయి. మెల్లగా మాట్లాడే మనిషి. పట్టును తువ్వాలలో చుట్టి, ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ముందుకాళ్లు తిప్పి చూసింది. చెవుల్లోకి లైటు వేసి చూసింది. ఇంట్లో కొత్త కుందేలు ఏదైనా వచ్చిందా అని అడిగింది. బొగ్గు సంగతి చెప్పగానే తలూపింది. ఇది పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు అని, చాలా కుందేళ్ల ముక్కులో అది ఏ లక్షణమూ లేకుండా ఉండిపోతుందని, బొగ్గు చూడటానికి బాగానే ఉన్నా దాన్ని మోసుకొచ్చి ఉండొచ్చని చెప్పింది. కుందేలు మనలా నోటితో ఊపిరి తీసుకోలేదు కాబట్టి ముక్కు మూసుకుపోవడమే దానికి పెద్ద గండమట. మగ్గం గదిలోని నూలు దుమ్ము, బోనులోని ఉచ్చ వాసన రోగాన్ని ఇంకా పెంచుతాయట. అయినా ఛాతీలోకి పూర్తిగా దిగలేదని, కొన్ని వారాలు మందు వాడితే అదుపులోకి వస్తుందని అంది. భవ్యశ్రీ ముఖం తేటపడింది.

మందు రాయబోతూ డాక్టర్, ఇంతకుముందు ఏమైనా మందు వేశారా అని మాటవరసకు అడిగింది. గిరిధర్ లేదన్నాడు.

"నేను పోసిన డాక్టరమ్మా," అంది బాలమ్మ. ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "పాపకు దగ్గొచ్చినప్పుడు రాసిన గులాబి మందు. నిన్న, మొన్న. దాంతోనే జర నయమైంది."

డాక్టర్ కలం పక్కన పెట్టింది. ఆ మందు పేరేమిటని అడిగింది. బాలమ్మకు తెలియదు. గిరిధర్ ఇంటికి ఫోన్ చేస్తే జయశ్రీ సీసా మీద ఉన్నది చదివింది. అమాక్సిసిలిన్.

డాక్టర్ పట్టు పొట్టను రెండు వైపులా వేళ్లతో మెత్తగా తడిమి చూసింది. గొట్టం ఈసారి పొట్ట మీద పెట్టి విన్నది.

"పెద్దమ్మా, మీరు మంచికే పోసిన్రు, నాకు తెలుసు," అంది చివరికి. "కాని గీ మందు మనుషులకు మంచిదే గాని కుందేలు నోట్లె పొయ్యొద్దు. దాని పేగులల్ల గడ్డి అరిగించే మంచి జీవులుంటయి. ఈ మందుకు అవి చచ్చిపోతయి. అప్పుడు చెడ్డవి పెరిగి లోపల విషం పుడతది."

"ఇప్పుడు బాగనే ఉంది గదా," అన్నాడు గిరిధర్.

వెంటనే తెలియదని డాక్టర్ చెప్పింది. మూడు నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. పెంటికలు గట్టిగా, గుండ్రంగా వస్తున్నంతవరకు భయం లేదు. అవి మెత్తబడినా, నీళ్లలా పోయినా ఆలస్యం చేయకూడదు.

"చచ్చిపోతదా?" అని అడిగింది భవ్యశ్రీ.

డాక్టర్ ఆ పిల్లకు అబద్ధం చెప్పలేదు. చాలా కుందేళ్లు ఈ మందుకు చచ్చిపోతాయని, కొన్ని బతుకుతాయని, తను చేయగలిగినదంతా చేస్తానని చెప్పింది. పేగుల్లో పుట్టే విషాన్ని పట్టి ఉంచే పొడి ఒకటి ఉందట. రక్తంలో కొవ్వు తగ్గడానికి మనుషులు వాడేదే. ఈ చుట్టుపక్కల దుకాణాల్లో దొరకదు. హైదరాబాద్ నుంచి తెప్పిస్తానంది. తుమ్ములకు వేరే చుక్కల మందు ఇచ్చి, ఎండుగడ్డి, గరిక తప్ప ఇంకేమీ పెట్టొద్దని, రెండు కుందేళ్లను వెంటనే వేరుచేయమని చెప్పి పంపింది.

తిరుగుప్రయాణంలో బస్సు బీచుపల్లి దగ్గర వంతెన ఎక్కినప్పుడు అందరితో పాటు బాలమ్మ కూడా ఆంజనేయస్వామి గుడివైపు తిరిగి దండం పెట్టింది. తర్వాత బుట్టలో ఎండ పడుతోందని కొంగు కప్పబోయింది. భవ్యశ్రీ బుట్టను తనవైపు లాక్కుంది.

"నా పట్టును ముట్టకు," అంది.

గట్టిగా కూడా అనలేదు. గిరిధర్ కూతుర్ని కసిరాడు. బాలమ్మ అతన్ని వారించింది.

ఇంటికి రాగానే జయశ్రీ బొగ్గును పెరటి గదిలోకి మార్చింది. పట్టు బోనును నూలు దుమ్ము లేని వంటగది పక్కకు జరిపింది. పూటపూటకూ చుక్కల మందు తనే పోసింది. అత్తను ఒక్కమాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని బాలమ్మకు అనిపించింది. కోడలు మామూలుగానే అన్నం పెట్టేది, మామూలుగానే పిలిచేది. కాని పట్టుకు మందు పోసే వేళకు బాలమ్మ దగ్గరికి వస్తే, "మీరు కూసోండి అత్తమ్మా, నేను చూసుకుంట," అనేది.

పిల్ల బడికి పోయాక మాత్రం బాలమ్మ బోను దగ్గరికి చేరేది. కుందేలును ముట్టేది కాదు. బోను కింది పళ్లెం బయటికి లాగి చూసేది. ఇన్నాళ్లూ ముక్కు మూసుకుని ఊడ్చి పారేసిన పెంటికలను ఇప్పుడు వెలుతురులోకి తెచ్చి, పుల్లతో కదిలించి, గట్టిగా ఉన్నాయా లేదా అని పరీక్షగా చూసేది. మొదటి రోజు బాగానే ఉన్నాయి. తర్వాతి రోజు చిన్నవయ్యాయి. ఆపై కొన్ని ఒకదానికొకటి అంటుకుని వచ్చాయి. ఆ సంగతి కొడుకుతో చెబితే అతను డాక్టర్‌కు ఫోన్ చేశాడు. పొడి శనివారం రాత్రికి తనకు చేరుతుందని, ఆదివారం తను నాగర్‌కర్నూల్‌లో తల్లి దగ్గర ఉంటానని, తేడా ఏమాత్రం కనిపించినా నేరుగా అక్కడికే తెచ్చేయమని ఆమె చెప్పింది. తుమ్ములు తగ్గుతున్నాయి, ముక్కు ఆరుతోంది. రోగం పోతోంది, తన మందు మాత్రం లోపల పనిచేస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున వాళ్ల వీధిలో పడుగు సాగదీశారు. వీధి పొడవునా దారాలు పరిచి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే దువ్వి ఆరబెట్టాలి. ఒకసారి గంజి పట్టించాక మధ్యలో వదిలేస్తే దారాలన్నీ అతుక్కుపోయి పడుగు మొత్తం పాడవుతుంది. గిరిధర్ ఒక కొసన, జయశ్రీ నడుమ, ఇరుగుపొరుగు వాళ్లు అటూ ఇటూ ఉన్నారు. అప్పుడు లోపలి నుంచి భవ్యశ్రీ కేక వినిపించింది.

బాలమ్మ పరుగున పోయింది. పట్టు బోను మూలన ముడుచుకుని ఉంది. వెనకకాళ్లు, తోక అంతా నీళ్లలాంటి మలంతో తడిసి ఉన్నాయి. వాసన వస్తోంది. కళ్లు సగం మూసుకుంది. పళ్లు నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది. భవ్యశ్రీ దాన్ని ఎత్తుకోవడానికి చేతులు చాచి, భయంతో అలాగే ఆగిపోయింది.

బాలమ్మ వాకిట్లోకి వచ్చి కొడుకును పిలిచింది. గిరిధర్ దారాల మధ్య నిలబడి తల్లివైపు, పడుగువైపు చూశాడు. ఇంకో గంటైనా కదలడానికి లేదు. ఆ గంట ఆగడానికి లేదని బాలమ్మకు తెలుసు.

"నువ్వు పని కానియ్యి. నేను పోత," అంది. "మహిపాల్‌ను పిలిపియ్యి."

మహిపాల్ రెండిళ్ల అవతల ఉంటాడు, కారు కిరాయికి తిప్పుతాడు. అప్పుడే కారు కడుగుతున్నాడు. సంగతి వినగానే తడి గుడ్డ పక్కన పడేసి వచ్చాడు. జయశ్రీ చేతులకున్న గంజితోనే వీధిలోంచి కూతురికి చెప్పింది, అవ్వతో పొమ్మని. భవ్యశ్రీ ఒక క్షణం తటపటాయించింది. తర్వాత తువ్వాలలో పట్టును చుట్టుకుని కారెక్కింది.

ఎర్రవల్లి దాకా పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. బయట ఎండ మాడుతోంది. ఆమె పట్టు చెవులు పట్టుకుని చూసి, అవ్వ ముఖంలోకి చూసింది. ఆ చెవులు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి. ఎండాకాలంలో అయితే కాలిపోతుంటాయి. ఇప్పుడు చల్లగా ఉన్నాయి. బాలమ్మ మహిపాల్‌తో ఏసీ ఆపమంది. అద్దాలు కూడా ఎత్తేయమంది. కారు లోపల ఉడికిపోసాగింది. మహిపాల్ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"నాకియ్యి," అంది బాలమ్మ మెల్లగా. "నా కడుపుకు పెట్టుకుంట. నీకంటె నా ఒళ్లు వేడి."

భవ్యశ్రీ కదల్లేదు. కారు హైవే ఎక్కింది. పట్టు మెడ తువ్వాల మీద వాలిపోయింది. అప్పుడు పిల్ల దాన్ని అవ్వ చేతుల్లో పెట్టింది. బాలమ్మ దాన్ని తడి బట్టలోంచి తీసి, కొంగుతో తుడిచి, చీర మడతల్లో కడుపుకు ఆనించుకుంది. వేలెడంత గుండె వేగంగా కొట్టుకోవడం ఆమెకు తగిలింది.

బీచుపల్లి వంతెన మీద బండ్లు ఆగిపోయి ఉన్నాయి. ముందెక్కడో సిమెంటు లారీ ఇరుసు విరిగి అడ్డంగా నిలిచిపోయిందని ఎవరో చెప్పారు. వెనక్కి పోదామంటే అప్పటికే వెనక బస్సులు, లారీలు వరసకట్టాయి. కింద కృష్ణలో నీళ్లు అక్కడక్కడ మడుగుల్లా ఉన్నాయి. బండరాళ్లు తేలి ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. మహిపాల్ దిగి ముందుకు నడిచి, చూసి వచ్చాడు. ఒక్కొక్క బండినే పక్కనుంచి వదులుతున్నారని చెప్పాడు. చెమట కారుతుంటే భవ్యశ్రీ అవ్వ కొంగు ఎత్తి పట్టు చెవిని తాకింది.

"ఇంక చల్లగనే ఉన్నయి."

"ఊపిరి ఉంది. నాకు తగులుతుంది."

పిల్ల తల దించుకుంది. కాసేపటికి అడిగింది. "నన్నెందుకు అడగలే అవ్వా, పోసే ముందు?"

"నువ్వు ఏడుస్తుంటె నాకు ఆగలే," అంది బాలమ్మ. "అడగాలని తోచలే. నాకు తెలుసనుకున్న."

భవ్యశ్రీ చేతిని కొంగు కింద, పట్టు వీపు మీదే ఉంచింది. ముందున్న లారీ కదిలింది. మహిపాల్ దారి ఇవ్వమని చేయి బయటికి చాపి పక్క బండివాళ్లను బతిమాలుతూ, అంగుళం అంగుళంగా కారును వంతెన దాటించాడు. ఆ తర్వాత పెబ్బేరు, వనపర్తి, గోపాల్‌పేట ఎలా వచ్చాయో, ఎలా పోయాయో బాలమ్మకు తెలియదు. ఆమె చూపంతా ఒళ్లోనే ఉంది. ఒకసారి గుండె కొట్టుకోవడం తెలియక పట్టు డొక్కలో వేలు పెట్టి నొక్కింది. అది కాలు కదిపింది.

గిరిధర్ ముందే ఫోన్ చేసి చెప్పడంతో నాగర్‌కర్నూల్‌లో డాక్టర్ మానస ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉంది. కుందేలును చేతుల్లోకి తీసుకుని, చెవులు చూసి లోపలికి నడిచింది. వాళ్లమ్మ అప్పటికే సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డలు చుట్టి ఉంచింది. పట్టును వాటి మధ్య పడుకోబెట్టారు. వీపు మీద చర్మం ఎత్తి, దాని కింద గోరువెచ్చని సెలైన్ ఎక్కించారు. పొడిని నీళ్లలో కలిపి సూది లేని సిరంజితో బుగ్గ సందులోంచి కొద్దికొద్దిగా పోశారు. మొదటిసారి పోసింది పెదవి మీదుగా కారిపోయింది. డాక్టర్ తుడిచి మళ్లీ పోసింది. చాలాసేపు ఆగాక గొంతు కదిలింది. మింగింది.

మధ్యాహ్నం దాకా డాక్టర్, అవ్వ, మనవరాలు ముగ్గురూ నేల మీదే కూర్చున్నారు. చెవులు వెచ్చబడటం మొదట భవ్యశ్రీ చేతికే తెలిసింది. డాక్టర్ కూడా తాకి చూసి అవునంది. అయినా ఇది గట్టెక్కినట్టు కాదని, పేగులు మళ్లీ కదలాలని, ఇంకో రెండు రోజులు తన దగ్గరే ఉంచాలని చెప్పింది. గిరిధర్ ఫోన్ చేశాడు. పిల్లకు మర్నాడు పరీక్ష ఉంది. మహిపాల్‌తో వెనక్కి పంపమన్నాడు.

"పాపను పంపిస్త," అంది బాలమ్మ. "నేను రాను."

ఆమె కట్టుబట్టలతో వచ్చింది. పరాయి ఇంట్లో ఎలా ఉంటుందని మహిపాల్ సందేహించాడు. డాక్టర్ వాళ్లమ్మ తన చీర ఒకటి తెచ్చి ఇచ్చి, వరండాలో మంచం వేయించింది. కారు ఎక్కే ముందు భవ్యశ్రీ లోపలికి పోయి పట్టు దగ్గర వంగి కూర్చుంది. బయటికి వచ్చి అవ్వ ముందు నిలబడింది. తర్వాత కారెక్కింది.

మర్నాడు పొద్దున డాక్టర్ వనపర్తి క్లినిక్‌కు బయల్దేరింది. పొడి ఎప్పుడెప్పుడు పోయాలో, గడ్డిని మెత్తగా నూరి నీళ్లు కలిపి ఎలా తాగించాలో బాలమ్మ చేత చేయించి చూసింది. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, నాలుక కదిలిస్తేనే తర్వాతి చుక్క వేయమని హెచ్చరించింది. బాలమ్మ సిరంజిని తిరిగి డాక్టర్ చేతిలో పెట్టబోయింది.

"నాతోని కాదు డాక్టరమ్మా. మీ అమ్మను పొయ్యమను."

"అమ్మకు కండ్లు సరిగ కనబడయి. మీరే పొయ్యాలె," అంది డాక్టర్. "భయమైతే ఫోన్ చేయండి. ఎన్నిసార్లయినా పర్వాలేదు."

ఆమె ఫోన్ చేసింది. ఒక చుక్క ఎక్కువ పడిందని చేసింది. పట్టు పళ్లు నూరుతోందని చేసింది. పొట్ట ఉబ్బినట్టుందని చేసింది. ఉబ్బితే ఏ వైపు నుంచి ఏ వైపుకు నిమరాలో డాక్టర్ ఫోన్‌లోనే చెప్పింది. బాలమ్మ రెండు వేళ్లతో, గంజి ఆరని దారాన్ని సరిచేసినంత మెత్తగా నిమిరింది. సిరంజి ముక్కు పట్టు నోటికి ఆనించి, అది నాలుక కదిలించేదాకా ఊపిరి బిగపట్టి చూసేది. కదిలిస్తే ఒక చుక్క. మళ్లీ చూసేది.

ఎండ వరండాలోకి వచ్చిన వేళకు పట్టు ఒక్కసారిగా పక్కకు వాలింది. కాళ్లు చాపేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. బాలమ్మ ఫోన్ అందుకుంది. అవతల మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు. డాక్టర్ ఎవరి కుక్కకో కుట్లు వేస్తోందేమో. మళ్లీ చేసింది. ఎత్తలేదు. పట్టు డొక్క మీద చేయి వేసింది. కదలిక తెలియలేదు. తన చేయే వణుకుతోందో, దాని ఊపిరే ఆడుతోందో ఆమె తేల్చుకోలేకపోయింది. పట్టూ, పట్టూ అని పిలిచింది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎప్పుడూ 'ఓసేయ్' అనేది.

పట్టు ముక్కు ఆడించింది. వెనకకాళ్లు ముడుచుకుని లేచి కూర్చుంది. కూర్చున్నచోట, తెల్ల గుడ్డ మీద, నల్లటి పెంటికలు రెండు పడి ఉన్నాయి. చిన్నవే. వంకరగానే ఉన్నాయి. కాని గట్టివి. బాలమ్మ వాటిని వేళ్లతో నొక్కి చూసింది, అరచేతిలో వేసుకుని వెలుగులో చూసింది. డాక్టర్ వాళ్లమ్మను పిలిచి ఆమెకూ చూపించింది. కాసేపటికి పట్టు ఒక గరిక పోచను తనంతట తనే నోట్లోకి లాక్కుంది.

డాక్టర్ తిరిగి ఫోన్ చేసినప్పుడు బాలమ్మ పట్టు మీంచి చూపు తిప్పకుండానే ఫోన్‌ను డాక్టర్ వాళ్లమ్మకు ఇచ్చింది.

సాయంత్రం గద్వాలకు ఫోన్ చేసి కొడుకుతో చెప్పింది. అతను వింటుండగానే భవ్యశ్రీ ఫోన్ లాక్కుంది. తిన్నదా, ఎంత తిన్నది, నీళ్లు తాగిందా అని వరసగా అడిగింది. బాలమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. పెంటికలు ఎంత లావున్నాయో కూడా చెప్పింది.

"అవ్వా, బొగ్గు కూడ తుమ్ముతుంది. పొద్దట్నుంచి," అంది. "మేం ఏ మందూ పొయ్యలే. నువ్వు డాక్టరమ్మను అడిగి చెప్పు."

బాలమ్మ అడిగి చెప్తానంది. డాక్టర్ ఆ కబురు కోసం ఎదురుచూస్తున్నట్టే మాట్లాడింది. రెండిటికీ మందు ఒకటే గాని కొలత ఒకటి కాదు, బొగ్గు బరువు తూచి చెప్పమంది. జయశ్రీ ఇంట్లో నూలు తూచే త్రాసులోనే బొగ్గును కూర్చోబెట్టి తూచింది. బాలమ్మ ఆ అంకె డాక్టర్‌కు చెప్పి, డాక్టర్ చెప్పిన కొలత జయశ్రీకి చెప్పి, అది మళ్లీ జయశ్రీ నోట చెప్పించుకుని విన్నది. తర్వాత ఇంకోసారి చెప్పించుకుంది. కోడలు విసుక్కోలేదు.

బుధవారం గిరిధర్ వచ్చి తల్లిని, పట్టును ఇంటికి తీసుకుపోయాడు. పట్టు బరువు తగ్గి, వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. తోక దగ్గర బొచ్చు కత్తిరించేసినందుకు అందవికారంగా ఉంది. గుమ్మంలోకి రాగానే భవ్యశ్రీ దాన్ని ఎత్తుకుని మెడలో ముఖం దాచుకుంది. బోను ఇప్పుడు మగ్గం గదికి దూరంగా, గాలి ఆడే వసారాలో ఉంది. రెండిటికీ ఆ జబ్బు ఉన్నట్టు తేలింది కాబట్టి ఇక వేరుచేసి ప్రయోజనం లేదని డాక్టర్ చెప్పింది. పట్టు కోలుకున్నాక కలిపి ఉంచొచ్చు. కాని మూడో కుందేలును ఈ ఇంటికి తేకూడదు, వీటిని ఎవరికీ ఇవ్వకూడదు. మందు వారాల తరబడి, మధ్యలో మానకుండా పోయాలి.

బొగ్గు మొండిది. మందు గొట్టం చూస్తే చాలు, గోళ్లతో రక్కి పారిపోయేది. జయశ్రీ ముంజేతుల నిండా గీతలు పడ్డాయి. ఒక పొద్దున భవ్యశ్రీ ఆ నల్లదాన్ని చంకలో ఇరికించుకుని బాలమ్మ దగ్గరికి వచ్చింది. రెండో చేతిలో మందు గొట్టం ఉంది.

"ఇది నాకు ఆగుత లేదు," అంది. "నువ్వు పొయ్యి అవ్వా."

బాలమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. గొట్టంలో మందు ఏ గీత దాకా ఉందో మనవరాలికి చూపించి, సరిగ్గా ఉందా అని అడిగింది. పిల్ల సరిగ్గా ఉందంది. బొగ్గును తువ్వాలలో బిగించి, నాలుక కదిలిస్తే ఒక చుక్క, మళ్లీ ఒక చుక్క వేసింది.

నెల దాటాక బాలమ్మ, భవ్యశ్రీ రెండిటినీ వనపర్తికి తీసుకుపోయారు. డాక్టర్ మానస ఛాతీలు విని, ముక్కులు చూసి, ఊపిరి తేటగా ఉందంది. భవ్యశ్రీ పూర్తిగా పోయిందా అని అడిగింది. పూర్తిగా పోయిందని తను చెప్పలేనని, ఆ సూక్ష్మజీవి ముక్కు లోతుల్లో ఎక్కడో దాక్కునే ఉంటుందని, చలి పెరిగినా, భయపడినా, దుమ్ము తగిలినా మళ్లీ తల ఎత్తొచ్చని డాక్టర్ చెప్పింది. కనిపెట్టుకుని ఉండటం తప్ప దారి లేదు.

"ఉంటం," అంది భవ్యశ్రీ.

వాళ్లు బస్టాండు దగ్గరికి నడిచి వచ్చేసరికి బుట్టలో ఎవరో తుమ్మారు. అవ్వా మనవరాలూ రోడ్డు పక్కన ఆగిపోయారు. బాలమ్మ బుట్ట కింద పెట్టి మూత తీసింది. పట్టు, బొగ్గు రెండూ ఆమెవైపు చూస్తున్నాయి. భవ్యశ్రీ ఒక్కొక్కదాని ముక్కు కింద వేలు పెట్టి చూసింది. తడి లేదు. ముందుకాళ్లు తిప్పి చూసింది. పొడిగానే ఉన్నాయి. ఇద్దరూ ఇంకో తుమ్ము కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. బస్సు వచ్చి ఆగింది, పోయింది. అయినా ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాతి బస్సు ఎక్కారు.